తోరణాల ఊళ్లో ఉత్తుత్తి డాక్యుమెంటరీ: ఈ కాలపు ప్రేమల మీద తక్కువ ఖర్చుతో హాస్యచిత్రం తీసే పద్ధతి

వరంగల్‌లో ఎవరి ముందైనా కెమెరా పెట్టి చూస్తే మొదట మారేది వారి భాష అని ఇట్టే తెలిసిపోతుంది. అప్పటిదాకా తమ్ముడితో "ఏందిరా గట్ల జూస్తున్నవ్, జర ఇటు జరుగు" అంటున్న పెద్దమనిషి, మైకు కనబడగానే చొక్కా సర్దుకొని, గొంతు సవరించుకొని, "ఈ సంబంధం విషయంలో కుటుంబ సభ్యులందరితో చర్చించి ఒక నిర్ణయానికి రావడం జరిగింది" అంటాడు. ఆ వాక్యం ముగిసేలోపు జేబులో ఫోను మోగితే "ఆఁ, వస్తున్న తియ్, లొల్లి వెట్టకు" అని మళ్లీ తన ఇంటి భాషలోకి జారిపోతాడు. ఈ రెండు భాషల మధ్య ఉన్న సందే మాక్యుమెంటరీకి కావలసిన చోటు. బడిపలుకుల భాష వేరు, పలుకుబడుల భాష వేరు అని కాళోజీ నారాయణరావు తేల్చి చెప్పిన ఊరు మనది. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆయన ఆ తేడాను ఆత్మగౌరవం కోసం ఎత్తి చూపారు. నవ్వు పుట్టించడానికి కూడా అది అంతే బాగా పనికివస్తుందని నా అనుభవం.

మాక్యుమెంటరీ అంటే ఉత్తుత్తి డాక్యుమెంటరీ. కథ కల్పితం, మనుషులు నటులు, కానీ తీసే తీరు మాత్రం నిఖార్సయిన డాక్యుమెంటరీది. 1957 ఏప్రిల్ 1న బీబీసీ తన పనోరమా కార్యక్రమంలో స్విట్జర్లాండు రైతులు చెట్ల నుంచి స్పగెట్టీ కోస్తున్నట్టు మూడు నిమిషాల కథనం ప్రసారం చేసింది. వ్యాఖ్యానం చదివిన రిచర్డ్ డింబుల్‌బీ ఎక్కడా గొంతులో నవ్వు రానీయకుండా, పంట దిగుబడి గురించి చెప్పినట్టే చెప్పాడు. స్పగెట్టీ చెట్లు ఎలా పెంచాలో చెప్పమని ప్రేక్షకులు కొందరు ఫోన్లు కూడా చేశారు. తీసేవాడు నవ్వకూడదు, తీయబడేవాడు తాను నవ్వు పుట్టిస్తున్నానని ఎరగకూడదు. ఈ రెండు షరతులను చివరిదాకా కాపాడుకోవడమే ఇందులో కష్టమైన పని. మిగతాదంతా ఓపికతో అయ్యేదే.

నేను చెప్పబోయేది పన్నెండు నుంచి పదిహేను నిమిషాల చిత్రం గురించి. ఆరుగురు నటులు, ఇద్దరు ముగ్గురు సాంకేతికులు, నాలుగు రోజుల చిత్రీకరణ, ముప్పై వేల రూపాయల లోపు ఖర్చు అనుకుందాం.

మొదటి అడుగు: కెమెరా ఎవరిది?

కథ రాయడానికి ముందు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఇది. ఒక మామూలు ప్రేమజంట ఇంట్లోకి కెమెరా ఎందుకు వచ్చింది, వాళ్లు ఎందుకు ఒప్పుకున్నారు, తీస్తున్నది ఎవరు? ఈ మూడింటికీ నమ్మదగిన సమాధానం లేకపోతే ప్రేక్షకుడు రెండో నిమిషంలోనే చిత్రం నుంచి బయటికి వచ్చేస్తాడు. పెద్ద టీవీ సంస్థ తీస్తోందని చెప్పుకుంటే ఆ స్థాయి లైట్లు, శబ్దం, చిత్ర నాణ్యత మన దగ్గర ఉండవు కాబట్టి అబద్ధం వెంటనే బయటపడుతుంది.

అందుకే మన పేదరికానికి కథలోనే కారణం పెట్టాలి. మేము ఎంచుకున్న ఉపాయం ఇది: హనుమకొండలో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన, ఆషాఢం, శూన్యమాసం వచ్చి ముహూర్తాలు లేక ఖాళీగా ఉండి, "ఈ తరం ప్రేమలు: ఒక పరిశీలన" అనే పేరుతో తన పెద్దమ్మ కొడుకు ప్రేమ వ్యవహారాన్ని డాక్యుమెంటరీగా తీయడానికి పూనుకుంటాడు. అతనికి పెళ్లి వీడియో తప్ప మరొకటి తెలియదు. గొడవ జరుగుతుంటే చేయి మీద గాజుల క్లోజప్ తీస్తాడు. అమ్మాయి అలిగి వెళ్లిపోతుంటే "ఒకసారి వెనక్కి తిరిగి చూడమ్మా, నవ్వుతూ" అంటాడు. కెమెరా కొంచెం ఊగినా, ఫోకస్ ఆలస్యంగా దొరికినా, అది మన తప్పుగా కాక అతని తప్పుగా కనిపిస్తుంది. ఈ ఒక్క నిర్ణయంతో సగం ఖర్చు మిగిలింది. అతను తెర మీద కనిపించాల్సిన పని లేదు, కెమెరా వెనుక నుంచి ప్రశ్న వినిపిస్తే చాలు.

మీరు వేరే మనిషిని ఎంచుకోవచ్చు: కళాశాల ప్రాజెక్టు కోసం తీస్తున్న విద్యార్థిని కావచ్చు, మ్యారేజ్ బ్యూరో నడిపే ఆమె తన ప్రచారానికి తీయించుకుంటున్న వీడియో కావచ్చు. ఎవరైనా సరే, ఆ మనిషికి ఆ చిత్రం నుంచి సొంతంగా కావలసింది ఒకటి ఉండాలి.

రెండో అడుగు: మాటకు ఎదురుగా చేత

ప్రతి పాత్రకు ఒక్క వాక్యం రాసుకోండి: ఈ మనిషి తన గురించి తాను ఏమని నమ్ముతాడు? దాని కింద, అతను నిజంగా చేసే పని రాసుకోండి. రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఉంటే పాత్ర పుట్టినట్టే. లేకపోతే ఆ పాత్రను తీసేయడం మంచిది. ఈ కాలపు ప్రేమల్లో ఇలాంటివి వెతుక్కోనక్కరలేదు, ఇంటింటా ఉన్నాయి.

మా చిత్రంలో అబ్బాయి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తాడు, శుక్రవారం రాత్రి రైలెక్కి కాజీపేటలో దిగుతాడు. "మేమిద్దరం ఒకరికొకరు స్పేస్ ఇచ్చుకుంటామండీ" అన్నది అతని మాట. కానీ సికింద్రాబాద్ నుంచి కాజీపేటకు ఉన్న 130 కిలోమీటర్లలో ఆమె లాస్ట్ సీన్ ఎప్పుడు మారిందో స్టేషన్ల వారీగా చెప్పగలడు: "భువనగిరి కాడ ఆన్‌లైన్ల ఉన్నది, జనగామ దాటినంక బ్లూ టిక్ వచ్చింది, ఘన్‌పూర్ కాడ సిగ్నల్ పోయింది." అమ్మాయి నక్కలగుట్టలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటోంది, "పరీక్ష అయ్యేదాకా నాకు వేరే ఆలోచన లేదు" అంటుంది, ఆమె టైంటేబుల్లో భారత రాజ్యాంగానికి గంటన్నర, అతనితో అలకకు రెండు గంటలు ఉంటాయి. ఇద్దరి మధ్యా ఉన్నది ప్రేమా, స్నేహమా, పెళ్లిదాకా వెళ్లే వ్యవహారమా అన్నది మాత్రం ఇద్దరూ చెప్పరు. ఎవరు ముందు చెబితే వాళ్లు ఓడిపోయినట్టు. ఈ పేరు పెట్టుకోని స్థితే ఈ తరం ప్రేమల్లో మిక్కిలి హాస్యం ఉన్న చోటు, విషాదం కూడా కొంచెం ఉన్న చోటు.

అమ్మాయి తల్లి పాత్రకు ఒక్క మాట చాలు. "మాకు కులం పట్టింపులు ఏమీ లేవండీ, పిల్లల సంతోషమే ముఖ్యం" అని కెమెరాకు చెబుతుంది. తర్వాతి దృశ్యంలో ఫోనులో, "పోరడు మంచిగనే ఉన్నడట గని, ఇంటిపేరేంది? ఊరేది? ఆళ్ల అమ్మమ్మోళ్లది ఏ ఊరు?" అని మూడు ప్రశ్నల్లో తనకు కావలసింది లాగేస్తుంది. ఇక్కడ జాగ్రత్త పడాలి. నవ్వు అడిగే మనిషి మీద పడాలి గాని, ఏదో ఒక కులం మీద పడకూడదు. అందుకే ఆమెకు దొరికిన జవాబును మేము వినిపించలేదు. ఆమె ముఖం మాత్రమే చూపించాము. నాకు ఇప్పటికీ ఆ చిత్రంలో బాగా నచ్చిన షాటు అదే.

మూడో అడుగు: డైలాగులు రాయకుండా రాయడం

నేను మొదటిసారి ప్రయత్నించినప్పుడు ముప్పై పేజీల స్క్రిప్టు, పేజీకి నాలుగు పంచ్ డైలాగులు రాశాను. నటులు వాటిని కంఠస్థం చేసి, ప్రతి పంచ్‌కు ముందు ఊపిరి పీల్చుకొని, తర్వాత నవ్వు కోసం ఆగారు. మిత్రుడి ఇంట్లో తొలి ప్రదర్శన వేస్తే ఆగిన చోట ఒక్కరూ నవ్వలేదు. ఒక నటుడు డైలాగు మరిచిపోయి అమ్మాయి వైపు దీనంగా చూసిన చోట మాత్రం అందరూ నవ్వారు.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ప్రతి సన్నివేశానికి ఒక పేజీకి మించకుండా నాలుగు సంగతులు రాస్తాము: సన్నివేశం ఎక్కడ మొదలవుతుంది, ఎవరికి ఏమి కావాలి, ఎవరు ఏ సంగతి దాస్తున్నారు, ఎక్కడ ముగుస్తుంది. మధ్యలో మాటలు నటులవే. కథను కదిలించే రెండు మూడు వాక్యాలు మాత్రం తప్పకుండా అనవలసినవిగా ఇస్తాము. ఒక్కొక్క నటుడికి, ఎదుటి నటుడికి తెలియని ఒక రహస్యం చెప్పి పంపడం కూడా బాగా పనిచేస్తుంది. పెళ్లిచూపుల సన్నివేశానికి ముందు, వచ్చిన అబ్బాయి మేనమామకు "ఈ ఇంటి టీ మీకు నచ్చలేదు, కానీ చెప్పకూడదు" అని మాత్రమే చెప్పాము. పది నిమిషాల టేక్‌లో ఆయన ఆ కప్పును ఐదు చోట్ల పెట్టి చూశాడు.

రాయవలసింది ఇంకొకటి ఉంది, అది బైట్. మన టీవీ విలేకరులు వాడే బైట్ అనే మాటనే నేనూ వాడుతున్నాను. మనిషిని కూర్చోబెట్టి అడిగి తీసుకునే మాటలు అని అర్థం. వీటికి జవాబులు రాయకూడదు, ప్రశ్నలు రాయాలి, అవును కాదు అని తప్పించుకోలేని ప్రశ్నలు. "మీరు ఆమెను ప్రేమిస్తున్నారా?" అన్నది పనికిరాని ప్రశ్న. "మీ ఫోనులో ఆమె పేరు ఏమని సేవ్ చేసుకున్నారు, అది ఎన్నిసార్లు మార్చారు?" అన్నది పనికివచ్చే ప్రశ్న. "మీ ఇద్దరి బిల్లు గూగుల్‌పేలో చివరిసారి ఎవరు కట్టారు, మిగతా సగం వచ్చిందా?" అన్నది ఇంకా మంచిది.

నటులకు ఒక్కటే నియమం చెప్పండి: కెమెరాకు సమాధానం చెప్పేటప్పుడు టీవీ తెలుగు, తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఇంటి తెలుగు. ఎప్పుడు కోపం వచ్చినా, భయం వేసినా, ప్రేమ పొంగినా మొదటిది జారి రెండోది రావాలి. అబ్బాయి "మా బంధంలో పారదర్శకత అనేది చాలా ముఖ్యమైన అంశమండీ" అంటూ ఉండగా అమ్మాయి ఫోను చేస్తే, "నీయవ్వ, నేనేడున్న? ఇంట్లనే ఉన్న" అంటాడు, బేకరీలో కూర్చొని. ఈ జారుడును నటుడు వెటకారంగా చేస్తే మాత్రం యాసను వెక్కిరించినట్టు అవుతుంది. మన సినిమాల్లో ఈ యాసను చాలాకాలం విలన్లకూ హాస్యగాళ్లకూ అంటగట్టారు. మనం మళ్లీ ఆ పని చేయనక్కరలేదు. మా చిత్రంలో నవ్వు తెప్పించేది టీవీ తెలుగే. ఇంటి తెలుగు వచ్చినప్పుడు నిజం వస్తుంది.

నాలుగో అడుగు: నటులు

హాస్యగాళ్లను వెతకకండి. వేదిక మీద నవ్వించిన అలవాటున్న మనిషి కెమెరా ముందు కూడా నవ్వు కోసం చూస్తాడు. మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ ధ్వన్యనుకరణలో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నది చెవి వల్ల. ఎదుటి మనిషి ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ మింగుతాడో వినగలగడం వల్ల. మనకూ అలా వినగలిగే వాళ్లే కావాలి. పరీక్షించే తీరు తేలిక: ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరిని ఐదు నిమిషాలు మాట్లాడమని, కెమెరాను వింటున్న రెండో మనిషి మీదే పెట్టండి. ముఖంలో ఏదో ఒకటి జరుగుతూ ఉంటే తీసుకోండి.

పెద్దవాళ్ల పాత్రలకు బంధువులే మేలు, వారికి నటన రాదన్న భయం అక్కరలేదు. వారి చేతికి ఒక పని ఇవ్వండి. చిక్కుడుకాయలు వొలుస్తూ, బట్టలు మడత పెడుతూ మాట్లాడే పెద్దమ్మకు కెమెరా గుర్తుండదు. చిత్రీకరణకు ముందు రెండు ఆదివారాలు ప్రేమజంట పాత్రధారులు ఇద్దరూ ఫోనులో పాత్రలుగానే సందేశాలు పంపుకోవాలని చెప్పాము. గొడవ సన్నివేశానికి కావలసిన పాత తగాదాలు వాళ్ల దగ్గర అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

ఐదో అడుగు: చోటు, అనుమతి

వేయి స్తంభాల గుడి, కోటలోని కీర్తి తోరణాలు, రామప్ప కళ్లముందే ఉన్నాయి కాబట్టి అక్కడ తీయాలని ప్రతి వాడికీ అనిపిస్తుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అయినా, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రామప్ప అయినా, కోట అయినా భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అక్కడ సినిమా చిత్రీకరణకు ఆ శాఖ లైసెన్సు ముందుగా తీసుకోవాలి. ఫోనుతోనే కదా అని దొంగచాటుగా తీస్తే కాపలా ఉద్యోగితో మాటా మాటా పెరిగి ఒక పూట పోతుంది. రైల్వే స్టేషన్‌దీ ఇదే సంగతి, అనుమతి దక్షిణ మధ్య రైల్వే నుంచి రావాలి. మేము రైలు సన్నివేశాలన్నిటినీ ఫోను కాల్‌గా మార్చేశాము: కెమెరా అమ్మాయి దగ్గరే ఉంటుంది, అబ్బాయి గొంతు మాత్రమే వినిపిస్తుంది, వెనుక ఉచిత శబ్ద భండారం నుంచి తెచ్చిన రైలు చప్పుడు. అతను రైల్లో ఉన్నాడా లేదా అన్న అనుమానం ఆమెతో పాటు ప్రేక్షకుడికీ వచ్చింది, అది మేము ఊహించని లాభం.

భద్రకాళి బండ్ మీద తీసేటట్లయితే నిర్వాహకుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవడమే కాక, మరో సంగతి గుర్తుంచుకోవాలి. సాయంత్రం అక్కడ నిజమైన జంటలు కూర్చుంటాయి. మన ఫ్రేము వెనుక మూలన మసకగా కనిపించిన అమ్మాయి ఇంట్లో ఆ రాత్రి ఏమవుతుందో మనకు తెలియదు. తెల్లవారుజామున ఆరు గంటలకు, నడక కోసం వచ్చిన పెద్దవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు తీయండి. వాళ్లూ ఫ్రేములో పడితే అడగండి. ఉత్తుత్తి డాక్యుమెంటరీలో తెలియని జనాన్ని నిజమైన ఇంటర్వ్యూ అని నమ్మించి మాట్లాడించడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. కల్పన అని చెప్పి, సంతకం తీసుకొని, ఆ తర్వాతే మైకు పెట్టాలి.

ఇళ్లు మాత్రం అన్నిటికన్నా మంచి లొకేషన్లు. బీరువా మీద పేర్చిన సూట్‌కేసులు, గోడ మీద తాత ఫొటో, ఫ్రిజ్ మీద కప్పిన గుడ్డ. ఆర్ట్ డైరెక్టర్ లక్ష రూపాయలు తీసుకున్నా ఇంతకన్నా బాగా అమర్చలేడు. ఏదీ సర్దనీయకండి. కెమెరా వస్తోందని ఇంటావిడ సోఫా మీద కొత్త కవర్లు వేస్తే, ఆ కవర్లు వేయడాన్ని కూడా తీయండి.

ఆరో అడుగు: ఫోను, మైకు, వెలుతురు

ఇప్పటి మంచి ఫోను ఒకటి చాలు, కానీ దానిలోని మామూలు కెమెరా యాప్‌ను నమ్ముకోవద్దు. అది ఫ్రేముల వేగాన్ని తనంతట తానే మారుస్తూ ఉంటుంది, తర్వాత ఎడిటింగ్‌లో మాటకూ పెదవికీ పొత్తు కుదరదు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం. అందులో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేము వెలుతురు పట్టే సమయం) సెకనులో 50వ వంతు అని బిగించండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ట్యూబులైట్లు, చౌక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. షట్టర్ 50 లేదా 100 మీద ఉంటే ఆ మినుకు తెర మీద పట్టలు పట్టలుగా పాకదు.

దృశ్యాన్ని 4కేలో తీసి, ఎడిటింగ్‌ను 1080 పరిమాణంలో చేయడం మంచిది. అప్పుడు ఫ్రేములో సగం దాకా దగ్గరికి వెళ్లినా స్పష్టత పోదు, ఈ ప్రక్రియకు ప్రాణమైన ఆ చటుక్కున జరిగే జూమ్‌ను తర్వాత కూడా పెట్టుకోవచ్చు. నిమిషానికి సుమారు 350 ఎంబీ పడుతుంది; రోజుకు రెండు గంటల చొప్పున నాలుగు రోజులకు 170 జీబీ దాకా అవుతుంది. ఆ రాత్రికి ఆ రాత్రే రెండు చోట్లకు కాపీ చేయాలి. మే నెలలో పెట్టుకోకండి. మన దగ్గర నలభై డిగ్రీలు దాటిన ఎండలో ఫోను ఇరవై నిమిషాలకే వేడెక్కి రికార్డింగ్ ఆపేస్తుంది, మనుషుల సంగతి చెప్పనే అక్కరలేదు.

డబ్బు పెట్టవలసింది శబ్దం మీద. బొమ్మ బాగాలేకపోతే డాక్యుమెంటరీ కదా అని ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు. మాట వినబడకపోతే వెళ్లిపోతాడు. వెయ్యి రూపాయల కాలర్ మైకులు రెండు కొని, ఒక్కొక్కటి ఒక్కో పాత ఫోనుకు తగిలించి, ఆ ఫోను నటుడి జేబులోనే రికార్డు చేసేటట్టు పెట్టండి. ప్రతి టేక్ మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే తర్వాత కలుపుకోవడానికి గుర్తు దొరుకుతుంది. శబ్దం స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడుతూ ఉండాలి. ఫ్యాను, కూలరు, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోకుండా బండి తాళంచెవి అందులో పెట్టేయండి. ప్రతి గదిలోనూ ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్లు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోండి, కోతల మధ్య అతుకు వేయడానికి అది కావాలి. పెళ్లి బరాత్‌లు, డీజేలు వచ్చే ముహూర్తపు రోజులు క్యాలెండరులో చూసుకొని వదిలేయండి. హనుమకొండలో ఒక బేకరీ యజమాని ముందు రోజు సరేనని, చిత్రీకరణ నాడు పాటల శబ్దం తగ్గించనన్నాడు. ఆ సన్నివేశం మొత్తం డాబా మీద మళ్లీ తీయవలసి వచ్చింది.

వెలుతురుకు కిటికీ, ఎదురుగా ఒక తెల్ల థర్మాకోల్ అట్ట చాలు.

ఖర్చు లెక్క మాకు దాదాపు ఇలా తేలింది: మైకులు 2,000, హార్డ్ డిస్కు 4,500, నాలుగు రోజులు ఎనిమిది మందికి భోజనాలు, టీలు 8,000, పెట్రోలు, ఆటోలు 2,000, నటులకు గౌరవంగా 6,000, థర్మాకోల్, బల్బులు, చిల్లర 1,000. మొత్తం 23,500. మీద రెండు వేల అయిదు వందలు అత్యవసరానికి పక్కన పెట్టాము. బేకరీ ఆయన పుణ్యమా అని అదీ అయిపోయింది.

ఏడో అడుగు: చిత్రీకరణ వరుస

చాలామంది బైట్లు ముందు తీసేసుకుంటారు, ఒకే కుర్చీ, ఒకే చోటు, త్వరగా అయిపోతుందని. నా అభిప్రాయంలో అది పొరపాటు. ముందు సంఘటనలు తీయాలి. ఏమి జరిగిందో చేతిలో ఉన్నాక, చివరి రోజు బైట్లు తీస్తే పాత్రధారి ఏ విషయంలో అబద్ధం చెప్పాలో కచ్చితంగా తెలుస్తుంది. అబ్బాయి గొడవ సన్నివేశంలో నిజంగానే చెప్పు వదిలేసి పరుగెత్తాడు, అది ఎవరూ రాయలేదు. చివరి రోజు "మీరు ఆ సాయంత్రం ప్రశాంతంగానే ఉన్నారా?" అని అడిగితే, "పరిపక్వతతో వ్యవహరించడం జరిగింది" అన్నాడు. బైట్లు ముందే తీసి ఉంటే ఈ జవాబు మాకు దొరికేది కాదు.

టేకులు పది నిమిషాల దాకా సాగనివ్వండి. సన్నివేశంలో ఏమి జరగబోతోందో కెమెరామన్‌కు చెప్పవద్దు. మాట్లాడిన మనిషి వైపు కెమెరా ఒక క్షణం ఆలస్యంగా తిరగడం ఈ ప్రక్రియకు అందం. ఆలస్యం నటించితే మాత్రం తెలిసిపోతుంది. తలుపు వేసుకొని మాట్లాడుకుంటే తలుపు బయటి నుంచే తీయాలి. ఇద్దరు మాత్రమే ఉన్న గదిలో, వారికి తెలియకుండా కెమెరా ఉండటానికి వీల్లేదు. డాక్యుమెంటరీ కెమెరాకు అందని చోటు మనకూ అందకూడదు.

కెమెరాలోకి చూపు గురించి ఒక మాట. పాత్ర ఇబ్బందిలో పడినప్పుడు లెన్సు వైపు ఒక్క చూపు చూస్తే ప్రేక్షకుడు వెంటనే తోడు నిలుస్తాడు. అందుకే ఇది అప్పులాంటిది, మితంగా వాడాలి. మేము పాత్రకు రెండు చూపులని కాగితం మీద రాసి పెట్టుకున్నాము. అమ్మాయి తండ్రికి ఒక్కటే ఇచ్చాము. అబ్బాయి జీతం ప్యాకేజీలో ఎంత, చేతికి ఎంత అని లెక్క తేలినప్పుడు ఆయన దాన్ని వాడుకున్నాడు.

ఫోను తెరలు చూపేటప్పుడు నిజమైన నంబర్లు, నిజమైన పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ల పేర్లు, ఎవరివో ప్రొఫైల్ ఫొటోలు కనిపించకూడదు. కల్పిత ప్రొఫైల్ పేజీ ఒకటి మనమే తయారు చేసుకోవచ్చు. "అబ్బాయి అలవాట్లు: అప్పుడప్పుడు" లాంటి గడులు నింపడంలోనే మాకు ఒక సాయంత్రం సరదాగా గడిచింది.

ఎనిమిదో అడుగు: ఎడిటింగ్

ఎనిమిది గంటల రష్ (కోతలు వేయని మొత్తం చిత్రీకరణ) నుంచి పద్నాలుగు నిమిషాలు తీయాలంటే ముందు కూర్చొని అన్ని బైట్లనూ కాగితం మీద రాసుకోవాలి. దీనికి దగ్గరి దారి లేదు. రాసుకున్నాక ప్రతి బైట్ పక్కన దాన్ని అబద్ధం చేసే విజువల్ ఏదో గుర్తించండి. డావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత రూపం ఈ పనికి సరిపోతుంది, కంప్యూటరులో 16 జీబీ ర్యామ్ ఉంటే ఇబ్బంది పడదు.

కోత ఎక్కడ వేయాలన్నదే అసలు ప్రశ్న. "మా ఇద్దరి మధ్య అరమరికలు లేవు" అన్న వాక్యం పూర్తిగా వినిపించి, మనిషి తన మాట తనకే నచ్చి చిన్నగా తల ఊపేదాకా ఆగి, అప్పుడు అమ్మాయి అతని ఫోను లాక్ తెరవడానికి నాలుగో అంకె ప్రయత్నిస్తున్న దృశ్యానికి వెళ్లాలి. తల ఊపక ముందే కోస్తే సమాచారం అందుతుంది, నవ్వు రాదు. అలాగే దృశ్యం చివర ఎవరూ మాట్లాడని రెండు సెకన్లను వదులుకోకండి. ఆ రెండు సెకన్లలోనే మనుషులు తాము ఏమన్నారో అర్థం చేసుకుంటారు. నవ్వించే సంగీతం మాత్రం ఎక్కడా వేయవద్దు. సినిమా పాట ఏదైనా వెనుక మోగితే హక్కుల చిక్కు వస్తుంది, కాబట్టి అవసరమైన చోట యూట్యూబ్ ఆడియో లైబ్రరీ లాంటి ఉచిత భండారాల నుంచే తీసుకోండి.

వ్యాఖ్యానం బడిపలుకుల భాషలో, గంభీరంగా ఉండాలి: "శనివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఆమె ఒక గుడ్ మార్నింగ్ పంపింది. దానికి పువ్వు లేదు." తెర కింద పేర్లు వేసేటప్పుడు పాత్ర పేరు కింద హోదా కూడా రాయండి, ఒకే పాత్రకు చిత్రం సాగేకొద్దీ హోదా మారుతూ ఉంటే కథ సగం అక్కడే నడుస్తుంది: మొదట "మిత్రుడు", తర్వాత "మంచి మిత్రుడు", ఆ తర్వాత "తెలిసిన అబ్బాయి", చివరికి "రెండో పార్టీ".

చివరి శబ్దాన్ని మైనస్ 14 లఫ్స్ (వినబడే బిగ్గరతనానికి కొలమానం) దగ్గర ఉంచితే యూట్యూబ్‌లో హెచ్చుతగ్గులు రావు.

తొమ్మిదో అడుగు: చూపించడం

తొలి ప్రదర్శన ఎనిమిది పది మందికి, చిత్రంతో సంబంధం లేని వాళ్లకు వేయండి. అభిప్రాయం అడగవద్దు, మర్యాదకు బాగుందంటారు. మీరు తెరను చూడకుండా వాళ్లను చూడండి. ఎవరు ఏ నిమిషంలో ఫోను తీశారో రాసుకొని, ఇంటికి వెళ్లి ఆ నిమిషాలను కత్తిరించండి. మాకు పదిహేడు నిమిషాలు పద్నాలుగు అయింది ఇలాగే.

ఇంటర్నెట్‌లో పెట్టడానికి సెన్సారు పత్రం అక్కరలేదు. థియేటరులో బహిరంగ ప్రదర్శన వేయాలంటే మాత్రం 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం కావాలి. మొదట్లోనో చివర్లోనో ఇది కల్పితమని, కనిపించేవారు నటులని ఒక కార్డు వేయండి. నేను చివర్లో వేస్తాను, ఆటలో ఉన్న రుచి కొంచెంసేపు నిలుస్తుంది. ఇంటి తెలుగు ఇతర జిల్లాల వాళ్లకు అందడానికి సబ్‌టైటిళ్లు వేయాలా అని మాలో పెద్ద చర్చ జరిగింది. టీవీ తెలుగుకు మాత్రమే వేద్దామని చివరికి తీర్మానించాము.

విడుదలకు వారం ముందు తుది కాపీని నటులందరికీ చూపి, ఎవరికైనా అభ్యంతరం ఉన్న షాటు తీసేస్తామని ముందే మాట ఇచ్చి ఉండండి, ఇచ్చాక నిలబెట్టుకోండి. మా చిత్రంలో తల్లి పాత్ర వేసినావిడ కులం గురించి అడిగిన సన్నివేశాన్ని గాని, ఫోనులో గొడవను గాని ఏమీ అనలేదు. వెనుక గ్యాస్ పొయ్యి తుడవకుండా కనిపిస్తున్న నాలుగు సెకన్లు మాత్రం ఉండటానికి వీల్లేదన్నది. తీసేశాము.